నాన్న మూడు తొట్లు

మా అమ్మకి నాన్న మీదున్న కోపాలన్నిట్లోకీ పాతది అట్ల పెనం తాలూకు కోపం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప పెనం అది. నూనె పట్టి పట్టి నల్లగా నిగనిగలాడేది, అట్టు అంటుకోవడమన్నది ఎరగదు. 1979లో ఒక రోజు పొద్దున్నే నాన్న దాని మీద గుప్పెడు నల్ల బురద వేసి కిరోసిన్ స్టవ్వు ఎక్కించాడు. బురద ముందు ఆవిరి కక్కింది, తర్వాత మాడిన గ్రీజు కంపు కొట్టింది, ఆ తర్వాత చిటపటలాడి పొడైంది. కంసాలి దగ్గర అరువు తెచ్చిన త్రాసు ముందు పెట్టుకుని నాన్న బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. నూరు గ్రాముల తడి బురద ఎండితే ఎంత మిగులుతుందో చూడాలి ఆయనకి. "డెబ్భై ఆరు" అన్నాడు, లాటరీ తగిలినవాడిలా. అమ్మ ఆ పెనాన్ని మళ్ళీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. అది నాన్న తర్వాత పెట్టిన బురద యార్డుకి వెళ్ళిపోయి, ఆ యార్డు మూసేసేదాకా బురదే వేయించుకుంటూ బతికింది.

నాకప్పుడు ఏడేళ్ళు. విజయవాడ పటమటలో అద్దెకుండేవాళ్ళం. పొద్దున లేస్తే ఆటోనగర్ వైపు నుంచి సుత్తి దెబ్బలు వినబడేవి. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేతు మిషన్లు, పాత టైర్లు, వెల్డింగు మెరుపులు. ఆసియాలోకెల్లా పెద్ద ఆటోనగర్ మనదేనని ఊళ్ళో ప్రతివాడూ చెప్పేవాడు. ఆసియా మొత్తం ఎవరు తిరిగొచ్చారో తెలీదు గానీ నేనూ బళ్ళో అదే చెప్పేదాన్ని.

నాన్న ఒక రీరోలింగ్ మిల్లులో గుమస్తా. ఒకసారి రాత్రి షిఫ్టుకి నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. కొలిమి తలుపు తెరిస్తే లోపల ఇనప దిమ్మలు పండిన నారింజ రంగులో ఉన్నాయి. ఒక్కో దిమ్మ బయటికి దొర్లి రోలర్ల మధ్య దూరగానే ఇవతలివైపు ఒక మనిషి పట్టకారుతో దాని మూతి పట్టుకుని, గిర్రున తిరిగి పక్క సందులోకి తోసేవాడు. కాలికి గోనె చుట్టుకున్నాడు, అంతే రక్షణ. దిమ్మ సన్నబడుతూ పాములా సాగుతోంది. రోలర్ల మీద నీళ్ళు పడుతున్నాయి. ఆ నీళ్ళు తగిలినప్పుడల్లా ఎర్రటి ఇనుము ఒంటి మీంచి నల్లటి పెచ్చులు టపటపా ఊడి నీళ్ళతో పాటు కిందికి కొట్టుకుపోతున్నాయి.

"వడ్లకి పొట్టున్నట్టు ఇనుముకీ పొట్టుంటుందే" అన్నాడు నాన్న.

పుస్తకాల్లో దాన్ని మిల్ స్కేల్ అంటారు. మా ఇంట్లో పొట్టే. కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి ఇనుము పైచర్మం గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పెచ్చు కడుతుంది. ఆ మిల్లు లాంటి పాతకాలపు కొలిమిలో టన్ను ఇనుము కాల్చారంటే ఇరవై, ముప్ఫై కిలోలు ఇలా పెచ్చయి పోతుంది. అదంతా నీళ్ళతో పాటు మిల్లు కింద గుంటలోకి చేరుతుంది. పదిహేను రోజులకోసారి గుంట తోడేవాళ్ళు. అందులో పెచ్చులు, ఇసకలాంటి సన్నం, రోలర్ల బేరింగుల గ్రీజు, నూనె, అన్నీ కలిసిన నల్ల చిక్కటి జావ వచ్చేది. దాన్ని ట్రాక్టరుకెత్తి ఊరి బయట పల్లంలో పారబోసేవాళ్ళు. ట్రాక్టరు కిరాయి మిల్లువాళ్ళదే. ఆ కిరాయి లెక్క రాసేది నాన్న. మూడేళ్ళు రాశాక ఒక రోజు ఆయనకి అనుమానం వచ్చింది, ఇంత బరువున్న బురదలో ఏముండి ఉంటుందని. అమ్మ పెనానికి చావొచ్చింది అక్కడే.

ఆ పెచ్చులో డెబ్భై శాతం దాకా ఇనుము ఉంటుంది. బళ్ళారి వైపు కొండలు తవ్వి తెచ్చే మంచి ఖనిజంలోనే అరవై, అరవై అయిదు. నాన్నకి ఈ అంకెలు ఎవరో ఇంజనీరు చెప్పాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని అమ్మ చెబుతుంది. పొద్దున్నే వెళ్ళి, ఆ ట్రాక్టరు కిరాయి నేనే పెట్టుకుంటాను, బురద నాకిచ్చేయండి అని అడిగాడు. ఊరికే పారబోసేదాన్ని అడిగితే ఎవడు కాదంటాడు. (రెండేళ్ళ తర్వాత సంగతి తెలిసి బురదకీ రేటు పెట్టారనుకోండి.)

నాన్నకి ఉక్కంటే ఒక పిచ్చి ఉండేది, అది చెప్పాలి. 1966లో ఆయనకి పద్ధెనిమిదేళ్ళు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ విజయవాడ వీధుల్లో ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవాళ్ళలో ఆయనొకడు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా ముప్ఫై రెండు మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినప్పుడు స్వీట్లు పంచాడట. తర్వాత ఫ్యాక్టరీ ఎంతకీ రాలేదు. అందుకని ఎప్పుడు నాన్న మోచేతుల దాకా నల్ల జావతో ఇంటికొచ్చినా అమ్మ గుమ్మంలోనే ఆపేసి, "హక్కు హక్కని అరిచారుగా, ఇదుగో మీ వాటా" అని బక్కెట్టు నీళ్ళు ముందు పెట్టేది.

ఆటోనగర్ చివర కొంత జాగా లీజుకి తీసుకుని నాన్న మూడు సిమెంటు తొట్లు కట్టించాడు. ఒకదాని కంటే ఒకటి జానెడు కిందికి. బురదని నీళ్ళలో కలిపి మొదటి తొట్లో పోస్తే బరువైన పెచ్చులు అప్పటికప్పుడే అడుక్కి దిగిపోయేవి. పైన పొర్లిన నీళ్ళు రెండో తొట్లోకి. అక్కడ ఇసక లాంటి సన్నం దిగేది. మూడో తొట్లోకి వెళ్ళేది మాత్రం కాటుక లాంటి మెత్తన. అది ఓ పట్టాన దిగేది కాదు. పొద్దున పోస్తే సాయంత్రానిక్కూడా నీళ్ళు నల్లగానే ఉండేవి. ఆ నీళ్ళే మళ్ళీ మోటారుతో మొదటి తొట్లోకి తోడుకోవాలి. నల్లనీళ్ళు తోడితే మొదటి తొట్టి కూడా పాడయ్యేది.

దీనికి మందు చెప్పింది మా నాయనమ్మ. ఆమెది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ గోదా పోయాక మా దగ్గరికి వచ్చేసింది. చాలా కాలం ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. "ఇంకా తేరుకోలేదమ్మా" అని అమ్మ చుట్టుపక్కలవాళ్ళకి చెబుతుండేది. ఒక రోజు నాన్నకి క్యారియర్ ఇవ్వడానికి నాతో పాటు యార్డుకి వచ్చి, మూడో తొట్టి కాసేపు చూసి, "చిల్లగింజ వెయ్యరాదురా" అంది. వానాకాలంలో కాలవ నీళ్ళు బురదగా వచ్చినప్పుడు వాళ్ళ ఊళ్ళో కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసేవాళ్ళు. కాసేపటికల్లా మడ్డి అడుక్కి దిగి పైన తేటనీళ్ళు నిలిచేవి. నీళ్ళు తేరడం అంటారు దాన్ని. మనుషులు తేరుకోవడం కూడా ఆ మాటే గదా. నాయనమ్మ మళ్ళీ నలుగురిలో మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తొట్టి గట్టు మీదే.

చిల్లగింజలతో బక్కెట్టు నీళ్ళు తేరతాయి గానీ తొట్టెడు తేరాలంటే అడవి కావాలి. నాన్న పటికలోకి దిగాడు. గుడ్డలో పటిక గడ్డ మూటకట్టి, కర్రకి వేలాడదీసి, మూడో తొట్లో నెమ్మదిగా తిప్పేవాడు. గబగబా తిప్పితే పని చెడుతుంది. కంటికి కనబడనంత సన్నగా ఉన్న నలకలు ఒకదాన్నొకటి పట్టుకుని, మినపసున్నిలా పలుకులు కట్టి, బరువెక్కి కిందికి దిగేవి. నేను గట్టు మీద బోర్లా పడుకుని అది చూసేదాన్ని. సినిమా కంటే బాగుండేది.

నూనె మాత్రం ఆయన్ని ఏడిపించింది. మొదటి రెండు తొట్లలో పెద్దగా ఉండేది కాదు. మూడో తొట్టి మెత్తన మాత్రం వేళ్ళ మధ్య నలిపితే వెన్నలా జారేది. పిండి ఎంత సన్నమైతే అంత నూనె తాగుతుంది, పూరీపిండి కలిపే ఎవరికైనా తెలుసు. నూనె ఉన్న సరుకు కొలిమికి పనికిరాదు. వేడికి ఆవిరై పొగగొట్టాల్లో చేరి అంటుకుంటుందని కొనేవాళ్ళ భయం. పైన తేలేదాన్ని వరిగడ్డి పరిచి పీల్పించాడు, ఫరవాలేదు. లోపల పట్టినదాన్ని చాకలిసోడాతో ఉడకబెట్టాడు, కట్టెల ఖర్చు సరుకు ధర దాటింది. అమ్మ వేళాకోళంగా "కుంకుడుకాయ రుద్దండి, పోతుంది" అంటే, ఆయన నిజంగానే శేరు కుంకుళ్ళు కొట్టి నానబెట్టి బక్కెట్టు బురదకి తలంటాడు! వదిలింది కూడా. లెక్క వేసుకుని, "గిట్టదు" అన్నాడు.

ఈ "గిట్టదు" నాన్న ఊతపదం. పనికొస్తుందా రాదా అన్నది ఆయనకి అసలు ప్రశ్నే కాదు. ప్రతిదీ దేనికో ఒకదానికి పనికొస్తుంది. గిట్టుతుందా లేదా, అంతే. చివరికి ఆ మెత్తనని ఇబ్రహీంపట్నం వైపు ఇటుక బట్టీవాళ్ళు మట్టిలో కలుపుకోవడానికి తీసుకెళ్ళేవాళ్ళు. నూనె కాస్త మంటకి కలిసొస్తుంది, ఇనుముకి ఇటుక ఎర్రగా కాలుతుంది. చవగ్గా ఇచ్చేవాడు. అది గిట్టింది.

యార్డులో ఐదుగురు ఆడవాళ్ళు పనిచేసేవాళ్ళు. ముగ్గురు శ్రీకాకుళం నుంచి వలసొచ్చినవాళ్ళు. అందరిలోకీ పెద్దామె ఎండిన సరుకుని చేటతో చెరిగేది. చేట ముందుకి ఒక్క విసురు, వెనక్కి రెండు తట్టులు. బొగ్గు నుసి, గడ్డిపరకలు ముందుకెళ్ళిపోయేవి, పెచ్చులు చేట గొంతులో నిలిచేవి. రాయీ రప్పా ఉంటే పక్కకి దొర్లేవి. నాన్న ఒకసారి ఉత్సాహపడి జల్లెడ మిషను తెప్పించాడు. తడి ఉంటే కన్నాలు పూడుకుపోయేవి, ఎండితే ధూళి లేచేది. నెల తిరక్కుండా అది మూలపడింది. పెద్దామె చేట మాత్రం ఆవిడ ఊరెళ్ళిపోయేదాకా ఆడింది. ఆవిడ కూలి ఎంతో నాకు గుర్తుంది, ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. అందరూ అంతే ఇచ్చేవాళ్ళని నాన్న అనేవాడు. నిజమే కావచ్చు. ముక్కుకి కొంగు తప్ప ఇంకేం అడ్డం ఉండేది కాదు వాళ్ళకి.

దీపావళి సంగతి ఒకటి చెప్పాలి. మా వీధిలో మగపిల్లలు చిచ్చుబుడ్లు సొంతంగా కూరేవాళ్ళు. సురేకారం, గంధకం, బొగ్గు, ఇనప రజను. లేతు షెడ్ల దగ్గర రజను డబ్బా ఇంతని అమ్మేవాళ్ళు. మనింట్లో బస్తాలకి బస్తాలు ఇనుముంటే కొనడమేమిటని నేను గొప్పకి పోయి, యార్డు నుంచి మెత్తటి పొట్టు సంచెడు తెచ్చి అందరికీ పంచాను. చీకటి పడ్డాక వరసగా ముట్టించారు. ఒక్క దాంట్లోంచి ఒక్క పువ్వు లేచిందా అంటే ఒట్టు. బుస్సుమని పొగ, అడుగున ఎర్రటి వెలుతురు, అయిపోయింది. ఇరవై బుడ్లు. నన్ను నాలుగు రోజులు ఆటల్లోకి రానివ్వలేదు.

ఏడుస్తూ వెళ్ళి నాన్నని అడిగాను. ఆయన నవ్వి, ఒక చేత్తో రజను, ఒక చేత్తో పొట్టు తీసుకుని దీపం మంట మీద చల్లాడు. రజను చిటచిటా నక్షత్రాలైంది. పొట్టు పొట్టులాగే కింద పడింది. "ఇది కొలిమిలోనే కాలిపోయిందే. కాలినదాన్ని మళ్ళీ కాలమంటే ఎట్లా కాలుద్ది? దీని దగ్గర ఇంకేం లేదు. దీన్ని మళ్ళీ ఇనుము చెయ్యాలంటే బొగ్గుతో కలిపి, పట్టుకున్న గాలిని ఊడబెరకాలి" అన్నాడు. పదేళ్ళ తర్వాత కాలేజీలో ఆక్సీకరణం, క్షయకరణం అని మేడమ్ బోర్డు మీద రాసినప్పుడు నాకు కనబడింది ఆ దీపమే.

అయితే ఆ పాఠం నాన్నే మర్చిపోయిన రోజొకటి వచ్చింది. 1986, రోహిణి కార్తె. క్రాంక్ షాఫ్టులు గ్రైండింగు చేసే షెడ్ల దగ్గర కూడా ఒక బురద వస్తుంది. సానరాయి కింద అరిగిన ఇనుము, చల్లార్చే నూనె కలిసినది. అది పొట్టు కాదు, కాలని పచ్చి ఇనుము. పొట్టుతో కలిపితే శాతం పెరుగుతుందని నాన్న దాన్ని కొని, ఇంకా చెమ్మ ఉండగానే పెద్ద కుప్ప పోయించి, గాలికి లేవకుండా పైన పట్టా కప్పాడు. రాత్రి రెండింటికి వాచ్‌మన్ వచ్చి తలుపు బాదాడు. వెళ్ళేసరికి పట్టా కరిగి కారుతోంది, కుప్ప నడుమ ఎర్రగా రాజుకుంటోంది, పక్కన గోనెసంచులు అంటుకున్నాయి. ఎవరూ నిప్పు పెట్టలేదు. సన్నటి ఇనుము, నూనె, చెమ్మ. ఈ మూడూ కుప్పలో ఉంటే తుప్పు పట్టేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక లోపలే పెరిగి పెరిగి దానంతటదే రగులుతుంది. నీళ్ళు చల్లితే బుసకొట్టింది. ఇసక పోస్తూ, పారలతో కుప్పని పలచగా లాగి పరిచారు. అదే దానికి మందు. ఆ లాగడంలో నాన్న ఎడమ అరచెయ్యి కాలింది. మచ్చ ఇప్పటికీ ఉంది, రావాకంత. తెల్లారాక అమ్మ ఏమీ అనలేదు. వెన్న రాసి కట్టు కట్టింది.

ఆ తర్వాత బురద చూడ్డం ఆయనకి కుడిచేతి పనైపోయింది. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాడు. చెవి దగ్గర పెట్టుకుని గరగర వింటాడు. వాసన చూస్తాడు. తర్వాత జేబులోంచి పాత లౌడ్‌స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతం తీస్తాడు. బిళ్ళంత ఉంటుంది, పురికొస కట్టి ఉంటుంది. సరుకు మీద ఆడించి, పట్టిన మీసాలు ఎంత పొడుగున్నాయో చూసి అంకె చెబుతాడు. ఆ అంకె మీదే బేరం.

1991లో నేను బీయస్సీ కెమిస్ట్రీ. ప్రాక్టికల్స్‌లో ఇనుము శాతం కట్టడం నేర్పారు. నాకు వెంటనే నాన్నకి పరీక్ష పెట్టాలనిపించింది. మేడమ్‌ని బతిమాలి సాయంత్రాలు ల్యాబ్‌లో కూచోడానికి అనుమతి తెచ్చుకున్నాను. నాన్న అయిదు పొట్లాలు కట్టి నెంబర్లు వేసి, తన అంకెలు వేరే కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పొడిని ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించాలి. ద్రావణం పసుపుపచ్చగా వస్తుంది. స్టానస్ క్లోరైడ్ చుక్క చుక్కగా వేస్తుంటే ఆ పసుపు పలచబడి పలచబడి పోతుంది. పోయాక ఒక్క చుక్క, ఎక్కువ కాదు. చల్లార్చి మెర్క్యురిక్ క్లోరైడ్ పోస్తే పట్టుదారం లాంటి తెల్ల మెరుపు కదలాలి. బూడిదరంగు వచ్చిందా, పారబోసి మళ్ళీ మొదటి నుంచి. తర్వాత ఆమ్లాలు, సూచిక వేసి బ్యూరెట్‌లోంచి డైక్రోమేట్ వదలాలి. ద్రావణం ఆకుపచ్చగా మారుతూ మారుతూ, ఒక్క చుక్కకి నేరేడుపండు రంగులోకి తిరుగుతుంది. ఆ చుక్క దగ్గర ఊపిరి బిగబట్టేదాన్ని. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు.

నాలుగు పొట్లాల్లో నాన్న అంకెకీ నా అంకెకీ రెండు, మూడు శాతం తేడా. కంటితో, వేలితో అంత దగ్గరికి రావడం నాకు నమ్మబుద్ధి కాలేదు. అయిదోది ఎర్రమట్టి రంగు పొట్లం. గుంట అంచుల్లో ఏళ్ళ తరబడి తుప్పు పట్టిన మడ్డి. దానికి నాన్న ముప్ఫై వేశాడు. నాకు యాభై అయిదు వచ్చింది. మూడుసార్లు చేశాను, అదే.

ఇంటికొచ్చి చెప్పాను. కాగితం విప్పి చూసుకున్నాడు. అయస్కాంతం తీసి చూసుకున్నాడు. నల్ల పొట్టు అయస్కాంతానికి ఎగిరొచ్చి అంటుకుంటుంది. బాగా తుప్పైపోయిన ఎర్ర మడ్డి అలా రాదు. ఇనుము ఉన్నా అది అయస్కాంతం మాట వినే రకం కాదు. "అంటే..." అని ఆగిపోయాడు. పన్నెండేళ్ళుగా ఎర్రది కనబడితే మట్టి అని ఏరి అవతల పోయించాడాయన. యార్డు వెనక గుంత పూడ్చింది దాంతోనే. మర్నాడు వెళ్ళేసరికి పంచె ఎగ్గట్టి ఆ గుంత దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు. వారం తర్వాత ఇద్దరు కూలీలతో తవ్వించడం మొదలుపెట్టాడు.

తవ్వినదంతా సిమెంటు ఫ్యాక్టరీకి పోయింది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి ఉంది, ఫ్యాక్టరీలున్నాయి. సున్నపురాయికి, మట్టికి కాస్త ఇనుము తోడైతే తక్కువ వేడికే కరిగి కలుస్తాయి. సిమెంటుకి ఆ బూడిదరంగు కూడా చాలావరకు ఇనుము పెట్టిందే. వాళ్ళకి అయస్కాంతంతో పనిలేదు. ఎరుపైనా నలుపైనా ఒకటే.

అక్కడ ఒక గొడవ. ఒక ఆగస్టులో పది టన్నుల లారీ నందిగామ దగ్గర వానలో చిక్కుకుంది. బయల్దేరేటప్పుడు మా లెక్కలో చెమ్మ ఆరు శాతం. ఫ్యాక్టరీ గేటు దగ్గర పరీక్షించి పదకొండు అన్నారు, డబ్బు కోశారు. వాళ్ళు నమూనా తీసింది లారీ పైపొర నుంచి. వాన పడింది పైనే గదా, లోపల సరుకు పొడిగానే ఉంది! నేను ఉడికిపోయాను. ఉత్తరం రాద్దామన్నాను, మళ్ళీ పరీక్షకి పట్టుబట్టమన్నాను. నాన్న మాట్లాడకుండా బియ్యం కొట్టుకి వెళ్ళి, బస్తాలోకి గుచ్చి నమూనా లాగే గొట్టం చూసొచ్చి, అలాంటిదే నాలుగడుగుల పొడుగున ఆటోనగర్‌లో చేయించాడు. తర్వాతి లోడుకి తనే లారీ ఎక్కి వెళ్ళి, గొట్టం పైనుంచి కిందిదాకా దించి, నాలుగు మూలలా నడుమా తీసి వాళ్ళ ముందు కలిపాడు. వాళ్ళ ల్యాబ్ కుర్రాడు ఆ గొట్టం ఉంచేసుకుంటానన్నాడట. ఇచ్చేసి వచ్చాడు. ముందు కోసిన డబ్బు మాత్రం రాలేదు.

1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు విశాఖ ఉక్కుని జాతికి అంకితం చేశారు. నాన్న ఆ రోజు యార్డుకి సెలవిచ్చాడు. అమ్మ పాయసం చేసింది. దెప్పకుండా చేసింది.

నేను ఎమ్మెస్సీ అయ్యాక ఒడిశా వైపు ఒక ఉక్కు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాను. విధి చూడండి, నాకిచ్చిన మొదటి పని బురద. అయితే ఇది పొట్టు బురద కాదు. ఇనుముని ఉక్కు చేసే కన్వర్టర్లో కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదితే ఎర్రటి పొగ లేస్తుంది. పొగంటే మనం అనుకునే పొగ కాదు, పౌడరంత సన్నటి ఇనప ధూళి. దాన్ని గాల్లోకి వదలకుండా నీళ్ళతో కొట్టి దించుతారు. టన్ను ఉక్కుకి పది, ఇరవై కిలోల ధూళి, మొత్తం నల్ల నీళ్ళ రూపంలో కాలవలై పారుతూ వస్తుంది. ఆ నీళ్ళని ఒక బ్రహ్మాండమైన గుండ్రటి తొట్లోకి వదులుతారు. అడుగున పొడుగాటి చేతులు కనబడీ కనబడనంత నెమ్మదిగా తిరుగుతూ మడ్డిని నడిమికి లాక్కొస్తుంటాయి. పై అంచు నుంచి తేటనీళ్ళు పొర్లుతుంటాయి.

ఒక వేసవిలో నాన్న వచ్చినప్పుడు పాస్ తీసుకుని చూపించాను. కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పక్కన డ్రమ్ములోంచి సన్నటి ధారగా మందు పడుతోంది. "పటికా?" అన్నాడు. పటిక కాదు, పాలిమర్, చుక్క చాలు అన్నాను. "నెమ్మదిగానే తిప్పుతున్నారే" అన్నాడు, మెచ్చుకోలుగా. నాయనమ్మ అప్పటికి లేదు.

మా తలనొప్పి జింకు. పాత కార్ల రేకులు, తగరపు పూతలా కనబడే జింకు పూత ఉన్న తుక్కు కరిగించినప్పుడు జింకు ఆవిరై ధూళిలో కలుస్తుంది. బురదలో ఇనుము యాభై శాతం పైనే, కానీ తిరిగి వాడుకుందామంటే జింకు అడ్డం. 907 డిగ్రీలకే అది మరుగుతుంది. ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి, బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి పోతే ఆవిరై పైకెళ్ళి, అక్కడ చల్లబడి ఇటుకల్ని పట్టుకుంటుంది, మళ్ళీ కిందికి దిగుతుంది, మళ్ళీ పైకి. బయటికి పోదు, లోపల గూడు కట్టుకుంటుంది. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పుకుంటూ పోతున్నాను, నేనేదో చాలా తెలిసినదాన్నన్నట్టు.

"మీ జింకు ముతకలో ఉంటుందా, మెత్తనలోనా?" అన్నాడు నాన్న, పెరుగన్నం కలుపుకుంటూ.

"మెత్తనలోనే ఎక్కువ."

"మా నూనె లాగే. మూడో తొట్టిది విడిగా తియ్యండి మరి."

అప్పటికే మా పెద్ద సారు వాళ్ళు ఆ ఆలోచనలోనే ఉన్నారు. గరాటు లాంటి గొట్టంలో బురద నీళ్ళని సుడి తిప్పితే ముతక కింది మూతిలోంచి, మెత్తన పైనుంచి విడిపోతాయి. హైడ్రోసైక్లోన్ అంటారు. కిందిది జింకు తగ్గిన సరుకు, సున్నం కలిపి ఉండలు చేసి, సన్న ఖనిజాన్ని కాల్చి గడ్డకట్టించే సింటర్ ప్లాంటుకి పంపొచ్చు. పైదాన్ని విడిగా దాచుకోవచ్చు. నాన్న చెప్పాడని చేశారని నేననను. కానీ పెరుగన్నం ముందు కూచుని ఆ మాట అన్న మనిషి ఇంటర్ తప్పాడని నాకు తెలుసు, సారు వాళ్ళకి తెలీదు.

2003లో యార్డు మూసేశాడు. మిల్లులవాళ్ళు పొట్టుని వాళ్ళే టెండరు పెట్టి లారీల లెక్కన పెద్ద కొనుగోలుదార్లకి అమ్మడం మొదలుపెట్టారు. మూడో తొట్టి మెత్తన మాత్రం ఎవరూ అడగలేదు. తొట్లు పగలగొట్టిన రోజు ఆయన వెళ్ళలేదు. అప్పటికి సింగ్ నగర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నాం.

2024 సెప్టెంబరు మొదటి తారీఖున బుడమేరు సింగ్ నగర్ మీదికొచ్చింది. అమ్మా నాన్నా డాబా మీద పక్కింటివాళ్ళతో కలిసి నాలుగు రోజులు. నేను చేరేసరికి నీళ్ళు తీసేశాయి. ఇంట్లో మోకాలి కింద దాకా బూడిదరంగు ఒండ్రు. అలమరలు ఉబ్బిపోయి తలుపులు రావడం లేదు. పెళ్ళి ఫోటోలు ముద్ద. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఎటు మొదలుపెట్టాలో తెలీక చూస్తోంది. కుర్రాళ్ళిద్దరు పారలతో బురద లాగుతున్నారు.

నాన్నకి డెబ్భై ఆరు. కుర్చీ బయట వేసి కూచోబెట్టాం. కాసేపు ఊరుకుని, వంగి, గుమ్మం దగ్గర ఎండిన చోట చిటికెడు తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు.

"నా అయస్కాంతం ఏదే?"

దొరుకుతుందనుకోలేదు. దేవుడి గూట్లో పై అరలో, పసుపు డబ్బా వెనక ఉంది. పురికొస కొత్తది. తెచ్చిచ్చాను. ఎడమ అరచేతిలో, ఆ మచ్చ మీద, ఎండిన ఒండ్రు పోసుకుని పొడి చేసి, అయస్కాంతం ఆడించాడు. నల్లటి మీసాలు నాలుగు లేచి నిలబడ్డాయి. ఏటి ఇసకలో, ఒండ్రులో ఆ మాత్రం నల్లిసక ఎప్పుడూ ఉంటుంది. ఆయన కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. పంచెకి తుడిచి ఇంకోసారి ఆడించాడు. పారలు పట్టుకున్న కుర్రాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు.

"రెండు శాతం కూడా లేదు" అన్నాడు అయస్కాంతం జేబులో వేసుకుంటూ. "గిట్టదే అమ్మాయ్. పారబోయించెయ్."